ఐదేళ్ల గ్యారంటీ తారు రోడ్డు: ఒక బైకు మెకానిక్ సమీక్ష

సమీక్ష రాసేవాడికి సరుకుతో లాభనష్టాల సంబంధం ఏదైనా ఉంటే ముందే చెప్పాలంటారు. నాకు ఉంది. నేను బైకు మెకానిక్‌ను. మా ఊరి నుంచి మండల కేంద్రానికి పోయే రోడ్డు పక్కనే నా రేకుల షెడ్డు. రోడ్డు బాగుంటే నాకు పని తగ్గుతుంది, పాడైతే గల్లాపెట్టె నిండుతుంది. కాబట్టి ఈ రోడ్డును మెచ్చుకున్నప్పుడల్లా నా జేబుకు చిల్లు పెట్టినదాన్ని మెచ్చుకుంటున్నాను, తిట్టినప్పుడల్లా నాకు అన్నం పెట్టినదాన్ని తిడుతున్నాను. ఇంతకంటే నిష్పాక్షికమైన సమీక్షకుడు ఈ మండలంలో దొరకడు.

సరుకు వివరం ఇది. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద వేసిన తారు రోడ్డు. తారు వెడల్పు 3.75 మీటర్లు, రెండు పక్కలా మట్టి అంచులు, వాగులూ కాలువలూ వచ్చిన చోట కల్వర్టులు, ఊరి లోపల కొంతమేర సిమెంటు రోడ్డు. గ్యారంటీ ఐదేళ్లు. ఈ చివరి మాట చాలామందికి తెలియదు. మిక్సీ కొంటే కార్డు మీద దుకాణం ముద్ర వేయించుకునేదాకా కదలని మనం, ఊరికి రోడ్డు పడితే గ్యారంటీ ఉందా అని అడగనే అడగం. ఉంది. వేసిన కాంట్రాక్టరే ఐదేళ్లపాటు దాని బాగోగులు చూసుకోవాలని ఒప్పందంలోనే ఉంటుంది. పనిలో లోపం బయటపడితే సొంత ఖర్చుతో సరిచేయాలి. గుంతలు పూడ్చడం, అంచులకు మట్టి పోయడం, కల్వర్టుల్లో పూడిక తీయడం లాంటి మామూలు పనులకు రాష్ట్రం డబ్బు చెల్లిస్తుంది.

ఈ పథకం 2000 డిసెంబరు 25న, వాజపేయి ప్రధానిగా ఉన్నప్పుడు మొదలైంది. దాని లెక్క పంచాయతీ కాదు, ఆవాసం. అంటే పల్లె, తండా, గూడెం, ఏదైనా సరే జనం స్థిరంగా ఉండే చోటు. 2001 జనాభా లెక్కల ప్రకారం మైదానంలో 500 మంది, కొండల్లో, ఎడారి ప్రాంతాల్లో, గిరిజన షెడ్యూల్డు ప్రాంతాల్లో 250 మంది ఉంటే అర్హత. తరువాత మావోయిస్టు ప్రభావిత ప్రాంతాల్లో దాన్ని 100కు తగ్గించారు. ఒక ఆవాసానికి ఒకే దారి; రెండో వైపు నుంచి కూడా కావాలంటే పథకంలో చోటు లేదు. మా ఊరు గీతకు పైన పడింది. వాగు అవతలి గూడెం కింద పడింది. అక్కడి బండ్లు ఇప్పటికీ వానాకాలమంతా గొలుసు నిండా బంక మట్టితో వస్తాయి. ముందు దాన్ని గీకి పారేస్తే కాని ఏ నట్టు ఎక్కడ ఉందో తెలియదు. గీత ఎక్కడో ఒక చోట గీయక తప్పదు నిజమే, కాని గీతకు కాస్త కిందున్నవాడి బురద కూడా అంతే లోతు. 2024 సెప్టెంబరులో ఆమోదం పొందిన నాలుగో దశ 2011 జనాభా లెక్కలను తీసుకుంటోంది. 25,000 ఆవాసాలు, 62,500 కిలోమీటర్లు, 70,125 కోట్ల రూపాయలు. గూడెం వాళ్లు ఆ ఆశ మీద ఉన్నారు.

డబ్బు ఎవరిది అనే చర్చ మా షెడ్డులో తెగని పంచాయతీ. ఢిల్లీది అని ఒకరు, రాష్ట్రానిది అని ఒకరు, రోడ్డు ప్రారంభించిన రోజు కట్టిన ఫ్లెక్సీలో ఎవరి బొమ్మ పెద్దదో వాళ్లది అని ఒకరు. అసలు సంగతి ఏమిటంటే, ఈ పథకానికి మొదటి ఆసరా డీజిల్. 2000 నాటి కేంద్ర రోడ్డు నిధి చట్టం ప్రకారం డీజిల్ మీద వసూలు చేసిన సెస్సులో సగం గ్రామీణ రోడ్లకు పోవాల్సి ఉండేది. అంటే ట్రాక్టరుతో దుక్కి దున్నించినవాడు, డీజిల్ ఇంజనుతో నీళ్లు తోడినవాడు, లారీలో వచ్చిన ఉప్పు కొన్నవాడు అందరూ ఈ రోడ్డుకు చందా కట్టినవాళ్లే. మొదట్లో నిర్మాణ ఖర్చంతా కేంద్రమే భరించేది. 2015-16 నుంచి 60 పాళ్లు కేంద్రం, 40 పాళ్లు రాష్ట్రం; ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలకు 90, 10. నిర్వహణ మాత్రం మొదటి నుంచీ రాష్ట్రం నెత్తినే ఉంది. ఇక భూమికైతే ఈ పథకంలో పైసా లేదు. రోడ్డుకు చోటు చూపించాల్సింది రాష్ట్రం, అంటే చివరికి ఊరు.

భూమికి పైసా లేదన్న ముక్కను మా ఊళ్లో రోజూ కళ్లారా చూడవచ్చు. చెరువు కట్ట దాటాక ఉన్నట్టుండి మోచేయి మడిచినట్టు ఒక మలుపు వస్తుంది. ఇంజనీరు గీసిన గీత తిన్నగానే ఉండింది. కాని తిన్నగా వెళ్తే ఒక రైతు చెలకలో కొంత ముక్క పోతుంది. అతనికి ఉన్నదే ఎకరంన్నర. ఇవ్వనన్నాడు. తప్పు పట్టలేను, రెండు పక్కలా పదెకరాలున్నవాళ్లు గట్టు వెంట మూరెడు నేల వదిలి దాతలయ్యారు కాని అతనికి అదే మూరెడు ఒక పంట. ఆ ముక్కకు వెల కట్టి ఇచ్చే దారి పథకంలో ఉంటే మలుపు ఉండేది కాదు. లేదు కాబట్టి మలుపు ఉంది. మలుపు ఉంది కాబట్టి రాత్రి పూట పడినవాళ్ల బండ్లు నా దగ్గరికి వస్తాయి. ఫుట్‌రెస్ట్ లోపలికి వంగి ఉంటుంది, క్లచ్ లీవరు కొన విరిగి ఉంటుంది, హ్యాండిల్ ఒక పక్కకు తిరిగి ఉంటుంది. బండి చూడగానే 'చెరువు మలుపా?' అంటాను. తల ఊపుతారు.

నాణ్యత విషయానికి వస్తే, పని జరిగినన్నాళ్లు కంకర గుట్టలు నా షెడ్డు ముందే ఉండేవి. చేతిలో పని లేనప్పుడు చూస్తూ కూర్చునేవాడిని. మాది నల్లరేగడి. తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే చెయ్యి పట్టేంత నెర్రెలు విచ్చుతుంది. అలాంటి నేల మీద రోడ్డు నిలవడం ముందు గ్రావెల్ పొర చేతిలో ఉంది. దాని మీద కంకర, నీళ్లు, రోలరు. మళ్లీ కంకర, నీళ్లు, రోలరు. ఆ తరువాత పల్చటి తారు చల్లి, దాని మీద 20 మిల్లీమీటర్ల చిప్స్ తారు పొర, దాని రంధ్రాలు మూసుకుపోయేలా పైన సీల్ కోటు. తారు మందం చూసి ఊరంతా పెదవి విరిచింది. 'ఇంతేనా? చేత్తో లేపితే లేచేట్టుంది' అన్నారు. బరువు మోసేది కింది కంకర. పైనున్న తారు పని నీళ్లు లోపలికి దిగకుండా ఆపడమే. సీల్ కోటు ఆదా చేస్తే మొదటి వానకే నీళ్లు దిగుతాయి, కంకర తడిసి కదులుతుంది, చక్రం పడ్డప్పుడల్లా లోపలి సన్నటి మట్టి నీళ్లతో పాటు పైకి ఎగజిమ్ముతుంది. గుంత పుట్టేది అలా, కింది నుంచి.

మా రోడ్డుకు సీల్ కోటు సరిగానే వేశారు. మధ్యలో ఎత్తు, పక్కలకు వాలు కూడా సరిగానే ఇచ్చారు. మొదటి పెద్ద వానకు గొడుగేసుకుని వెళ్లి చూశాను, నీళ్లు మధ్యలో నిలవలేదు. తనిఖీకి మూడంచెల పద్ధతి ఉంది. పని చేయించే శాఖ ఇంజనీర్లు ఒక అంచె, రాష్ట్ర పర్యవేక్షకులు రెండో అంచె, ఢిల్లీ పంపే జాతీయ పర్యవేక్షకులు మూడో అంచె. ఈ మూడో అంచెలో ఎక్కువగా పదవీ విరమణ చేసిన సీనియర్ ఇంజనీర్లు ఉంటారు. అలా వచ్చిన ఒక పెద్దాయన రోడ్డులో చదరంగా గుంత తవ్వించి, లోపలికి వంగి స్కేలు పెట్టి పొర పొర కొలిచాడు. కాంట్రాక్టరు మనుషులు పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆయనకు కొబ్బరి బోండం ఇస్తే వద్దని తన సీసాలో నీళ్లు తాగాడు. ఊరు ఆ సంగతి చాలాకాలం చెప్పుకుంది. రోడ్డు మొదట్లో పెట్టే పౌర సమాచార బోర్డు మీద ఏ పొరలో ఎంత సామగ్రి వాడారో స్థానిక భాషలో రాయాలి. మా బోర్డు మీద చక్కగా తెలుగులో రాశారు. ఇప్పుడు దాని మీద బోరుబావులు తవ్వేవాళ్ల ప్రకటన అతికించి ఉంది, కంకర లెక్క సగమే కనిపిస్తుంది.

ఇప్పుడు వాడకం. రోడ్డు రాకముందు మా ఊరి బండికి ఏటా కోన్ సెట్ మార్చాల్సి వచ్చేది. హ్యాండిల్ తిరిగే చోట ఉండే ఆ బేరింగులో గోళీలు తిరిగే గిన్నెలకు గతుకుల దెబ్బకు గుంతలు పడతాయి. హ్యాండిల్ మధ్యలో ఎక్కడో పట్టేసినట్టు ఉంటుంది. ఫోర్క్ ఆయిల్ సీళ్లు, తెగిన స్పోకులు, పుల్లలు ఊడిన క్యారియర్లు, ఇవన్నీ రోజువారీ సరుకు. రోడ్డు పడ్డాక ఇవన్నీ పడిపోయాయి. పెద్ద మొత్తంలో తెచ్చిపెట్టుకున్న కోన్ సెట్ల డబ్బా మూత తీయకుండానే తుప్పు పట్టింది. వాటి స్థానంలో వేరే పని వచ్చింది: బ్రేక్ షూలు, అరిగిన టైర్లు, పడి చిట్లిన హెడ్‌లైట్ డూములు. వేగం పెరిగింది, హెల్మెట్ మాత్రం పెరగలేదు. ఈ లోపం రోడ్డుది కాదనుకోండి. కాని ఊరి మొదట్లో బడి దగ్గర వేగం తగ్గించే ఏర్పాటు లేకుండా రోడ్డు ఇచ్చినందుకు కొంత మార్కు కోత వేస్తాను.

బండ్లు ఎన్ని పెరిగాయో చెప్పనక్కరలేదు. పొలంలో దిగుబడి రోడ్డు వల్ల పెరిగిందా అంటే నాకు కనిపించలేదు. పత్తి అదే, మిరప అదే, ధర చెప్పేది అదే మార్కెట్ యార్డు. మారింది ఏమిటంటే పొద్దున్నే టిఫిన్ డబ్బా బ్యాగులో పెట్టుకుని పట్టణంలో తాపీ పనికి, వైరింగు పనికి, బట్టల దుకాణంలో పనికి వెళ్లి రాత్రికి ఇంటికి తిరిగి వచ్చే కుర్రాళ్లు. ఇది మా ఊరి ముచ్చటే అనుకునేవాడిని. సామ్ ఆషర్, పాల్ నొవొసాద్ అనే ఆర్థికవేత్తలు ఇందాక చెప్పిన జనాభా గీతలనే ఆసరా చేసుకుని, గీతకు కాస్త పైనున్న ఊళ్లనూ కాస్త కిందున్న ఊళ్లనూ పోల్చి చూశారని, 2020లో అచ్చయిన ఆ అధ్యయనంలో తేలింది కూడా దాదాపు ఇదేనని తరువాత చదివాను. రోడ్డు వచ్చిన ఊళ్లలో జనం వ్యవసాయం నుంచి బయటి పనులకు మళ్లారు. పంటల్లో, ఆదాయాల్లో, ఆస్తుల్లో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు. వాళ్లే అంజలి అదుకియాతో కలిసి చేసిన మరో అధ్యయనంలో ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల చదువులు పెరిగినట్టు తేలింది. రోడ్డు వేస్తే ఊరు బంగారమైపోతుందని మైకులో చెప్పేవాళ్లకు ఇది రుచించకపోవచ్చు. నాకైతే రాత్రికి ఇంట్లో పడుకునే కొడుకు ఉన్న తల్లిని అడిగితే ఆదాయం లెక్క వేరుగా వస్తుందనిపిస్తుంది.

బస్సు మాత్రం రాలేదు. వెడల్పు చాలదన్నారు, ఊరి చివర తిప్పుకోవడానికి చోటు లేదన్నారు, ఎక్కే జనం చాలరన్నారు. రోడ్డు ఒక శాఖది, బస్సు ఇంకో సంస్థది. ఇద్దరూ కలిసి కూర్చుని ఊరి ముందు కాగితం పరిచింది లేదు. బండి లేని ముసలివాళ్లు, ఆడవాళ్లు షేర్ ఆటో నిండేదాకా రావిచెట్టు కింద ఎదురు చూడాలి. 2017లో స్వయం సహాయక సంఘాల మహిళల చేత వాహనాలు నడిపించే ఆజీవికా గ్రామీణ్ ఎక్స్‌ప్రెస్ యోజన అని ఒకటి కేంద్రం తెచ్చింది, ఆలోచన నాకు నచ్చింది. రోడ్డుకు ఖర్చు పెట్టేటప్పుడే దాని మీద తిరిగే బండికి కూడా నాలుగు రూపాయలు పక్కన పెడితే సొంత వాహనం లేనివాడికి కూడా రోడ్డు వచ్చినట్టయ్యేది.

వెడల్పు గురించి ఇంకాస్త. 3.75 మీటర్ల మీద ఎదురుగా ట్రాక్టరు ట్రక్కు వస్తే బైకువాడు ఎడమ పక్క మట్టి అంచులోకి దిగక తప్పదు. అంచు మట్టి మొదటి ఏడాది తారుతో సమానంగా ఉంటుంది. రెండు వానాకాలాలు గడిచాక జానెడు కిందికి పోతుంది. దిగడం సులువే. మళ్లీ ఎక్కేటప్పుడు తారు అంచు టైరు కుడి పక్క గోడను గీకుతుంది. నా దగ్గర మూలన పడేసిన పాత టైర్లు తిప్పి చూడండి, ఎడమ గోడ నున్నగా, కుడి గోడ పిల్లి గీరినట్టు ఉంటుంది. వేగంగా ఎక్కబోయినవాడి రిమ్ము వంగుతుంది. ఇంకాస్త వేగమైతే మనిషే వంగుతాడు. తారు మీద గుంత లేదని అధికారులు సంతోషించే ఏడాదిలోనే ఈ అంచుల పని మొదలవుతుంది. మట్టి పోసి రోలరు తొక్కించడానికి పెద్ద ఖర్చు కూడా కాదు. కాని గుంత ఫొటోలో కనిపిస్తుంది, అంచు కనిపించదు.

ఇక మనం చేసేది. దీనికి కాంట్రాక్టరునూ సర్కారునూ అని లాభం లేదు. చెరువు కింద నాట్ల కాలంలో దమ్ము చేసే ఇనుప చక్రాలు తగిలించుకుని ట్రాక్టర్లు నేరుగా తారు మీదే పోతాయి. కొత్త రోడ్డు మీద ఆ చక్రాల పళ్ల ముద్రలు వరుసగా పడతాయి, వానకు ప్రతి ముద్రా ఒక చిన్న నీటి గిన్నె అవుతుంది. ఒకాయనను ఆపి అడిగాను, 'బాబాయ్, చక్రాలు ట్రక్కులో వేసుకుని చేను దగ్గర తగిలించుకోవచ్చు కదా' అని. 'ఎంత దూరం తమ్ముడూ, ఇక్కడి నుంచి అక్కడికే కదా' అన్నాడు. అందరిదీ ఇక్కడి నుంచి అక్కడికే. మరొకరు చేనుకు నీటి పైపు వేసుకోవడానికి రాత్రికి రాత్రి రోడ్డును అడ్డంగా కోసి, పొద్దున్నే మట్టి కప్పేసి ఏమీ ఎరగనట్టు ఊరుకున్నారు. ఆ కోత ఇప్పుడు రోడ్డు పొడవునా అతి పెద్ద గుంత. కోతల కాలంలో వడ్లు ఆరబోసి చుట్టూ బండరాళ్లు పేరుస్తారు. వడ్లు ఎత్తుకుపోతారు, రాళ్లు మాత్రం అక్కడే ఉంటాయి. వీటిలో ఏ ఒక్కదానికీ పంచాయతీ తీర్మానం చేసి పది రూపాయలు జరిమానా వేసిన పాపాన పోలేదు. ఎవరు వేస్తారు? ట్రాక్టరు సర్పంచికీ ఉంది, వార్డు సభ్యుడికీ ఉంది.

అయినా ఇనుప చక్రాలన్నీ కలిసి చేసిన నష్టం ఒక పక్క, కంకర లారీలు చేసింది ఒక పక్క. రోడ్డు పడగానే అడ్డదారి దొరికిందని పెద్ద లారీలు ఇటు తిరగడం మొదలుపెట్టాయి. బరువుకూ రోడ్డు అరుగుదలకూ ఉన్న లెక్క వింతగా ఉంటుంది. 1950ల చివర అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రంలో రోడ్లు వేసి, వాటి మీద లారీలు తిప్పి పరీక్షించి తేల్చిన ఉజ్జాయింపు సూత్రం అది: ఇరుసు మీది బరువు రెండింతలైతే నష్టం రెండింతలు కాదు, పదహారింతలు. నాలుగో ఘాతం. 2018లో మన దేశంలో నాలుగు టైర్ల ఇరుసు మీద అనుమతించే బరువును 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచారు. చూడటానికి ఎనిమిదో వంతు పెంపు. అదే సూత్రంతో లెక్క కడితే అరుగుదల 60 శాతం ఎక్కువ. ఇది చట్టం ఒప్పుకున్న బరువు మాట; రాత్రి పూట పట్టా కప్పుకుని పోయే లారీల బరువు ఏ కాటా మీదా ఎక్కదు. ఊరి రోడ్డును తక్కువ బండ్లు తిరుగుతాయనే లెక్కతో కడతారు. లారీకి బరువు పెంచిన కలంతోనే ఊరి రోడ్డుకు కంకర మందం కూడా పెంచి ఉండాల్సింది.

ఇంత జరిగినా గ్యారంటీ ఉన్నన్నాళ్లు రోడ్డు నిలబడింది. కాంట్రాక్టరు మనుషులు వానాకాలం ముందు ఒకసారి, తరువాత ఒకసారి వచ్చి గుంతలు పూడ్చారు. చేసిన పనికి కాకుండా, రోడ్డు ఏ స్థితిలో ఉందో చూసి డబ్బు చెల్లించే పద్ధతి ఈ-మార్గ్ పేరుతో కంప్యూటర్లోకి వచ్చింది. అది మంచి మార్పు. 2015లో వచ్చిన మేరీ సడక్ అనే ఫోను యాప్‌లో నా దగ్గర పని నేర్చుకునే కుర్రాడు ఒక కల్వర్టు ఫొటో పెడితే పగిలిన పిట్టగోడకు సిమెంటు పడింది. వాడు ఇప్పటికీ ఆ గోడను తన సొంతమన్నట్టు చూపిస్తాడు.

ఆరో ఏడు రాగానే కథ మారింది. కాంట్రాక్టరు బాధ్యత తీరింది, రోడ్డు ఊరి రోడ్ల చిట్టాలో ఒక వరుస అయింది. ఎండాకాలంలో పడిన నెర్రె మీద గరిటెడు తారు పోస్తే సరిపోయేది, పోసేవాడు లేడు. తొలకరికి అది దోసిలంత గుంత, దసరాకు చాపంత. పంచాయతీని అడిగితే అది మా పద్దు కాదన్నారు. నిజానికి రాజ్యాంగం పదకొండో షెడ్యూలులో పంచాయతీలకు అప్పగించదగిన అంశాల్లో పదమూడోది రోడ్లు, కల్వర్టులు, వంతెనలు. అంశం ఉంది, డబ్బు లేదు. 2021-26 కాలానికి పదిహేనో ఆర్థిక సంఘం ఇచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీటికీ పారిశుద్ధ్యానికీ కట్టేసి ఉండేది. మిగిలిన 40లోనే ఊరి మిగతా గోడు అంతా తీరాల్సి వచ్చేది. పై ఆఫీసుకు వెళ్తే అంచనాలు పంపామన్నారు. కొత్త రోడ్డుకైతే కొబ్బరికాయ కొట్టడానికి నలుగురు పెద్దలు పోటీ పడతారు. గుంత పూడ్చడానికి శిలాఫలకం వేయరు కదా, అందుకే దానికి దిక్కు లేదు.

ఢిల్లీకి ఇది తెలియదని అనలేం. 2019లో మొదలైన మూడో దశ మొత్తం 1,25,000 కిలోమీటర్లు, 80,250 కోట్లు. ఊళ్లను మార్కెట్లకు, హైస్కూళ్లకు, ఆసుపత్రులకు కలిపే, ఇప్పటికే ఉన్న రోడ్లనే పెంచి బాగు చేయడానికి. దానికి ముందే ఐదేళ్ల తరువాతి నిర్వహణకు కూడా డబ్బు కేటాయిస్తామని రాష్ట్రాల చేత ఒప్పందం రాయించుకున్నారు. ఇప్పటికి దేశమంతటా ఏడున్నర లక్షల కిలోమీటర్లకు పైగా ఈ పథకం కింద రోడ్లు పడ్డాయి. అంటే గ్యారంటీ తీరిన రోడ్లే ఇప్పుడు ఎక్కువ. వాటి మీద గరిటెడు తారు పోయడానికి నాకు తెలిసిన పరిష్కారం పాతదే. ఒకప్పుడు పెద్ద రోడ్ల మీద గ్యాంగ్ కూలీలు ఉండేవారు. పార, గంప, తారు డబ్బా పట్టుకుని తమకు అప్పగించిన దూరం నడిచి చూసుకునేవారు. నాలుగైదు ఊళ్లకు కలిపి అలాంటి ఇద్దరికి ఏడాదంతా జీతమిచ్చి, సామగ్రి పంచాయతీ చేతిలో పెడితే చాలు. గుంత చాపంత అయ్యాక పిలిచే టెండరు ఖర్చులో అది ఒక మూలకు రాదు.

మార్కులంటారా? గ్యారంటీ కాలంలో ఐదుకు నాలుగు. కోసిన ఆ ఒక్కటి మలుపుకూ బడి దగ్గరి వేగానికీ అంచులకూ బస్సుకూ కలిపి. ఆరో ఏడు నుంచి రెండు, అదీ కింది కంకర ఇంకా గట్టిగా ఉన్నందుకు. కోన్ సెట్ల డబ్బా మళ్లీ కొత్తది తెప్పించాను.

నాలుగో దశలో రోడ్డు రాబోయే ఊళ్లవాళ్లకు కొన్ని మాటలు. రోడ్డు గీత ఖరారు చేసే ముందు ఇంజనీరు, సర్పంచి, రెవెన్యూ సిబ్బంది, ఊరివాళ్లు కలిసి ఆ దారంతా నడవాలని నిబంధన ఉంది. ఆ రోజు చేను పని మానుకుని అయినా వెళ్లండి. నీళ్లు ఏ వాన కాలంలో ఎక్కడ అడ్డం పారతాయో మ్యాపుకు తెలియదు, మీకు తెలుసు. అక్కడ తూము రాయించండి. చేలకు నీటి పైపులు దాటాల్సిన చోట్ల ముందే ఖాళీ గొట్టాలు పూడ్చమనండి, తరువాత ఎవరూ రోడ్డు కోయక్కరలేదు. ఊరి చివర బస్సు తిరిగేంత చోటు అప్పుడే వదిలించండి. బోర్డు పెట్టగానే పొరల లెక్క ఉన్న వైపు ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి, బోరుబావుల వాళ్లు రాకముందే. ఐదేళ్లు ఏ తేదీతో ముగుస్తాయో ఆ బోర్డు పక్కనే సున్నంతో పెద్ద అక్షరాలతో రాయించండి. ఆ తేదీకి ఒక నెల ముందు, ఉన్న ప్రతి నెర్రెనూ కాంట్రాక్టరు చేతే పూడ్పించుకోవచ్చు.